కీడెంచడం తప్పు కాదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ మూడు కథలూ చదివా, రెండేసి సార్లు చదివా. చివర్లో నువ్వడిగిన ప్రశ్నే రెండ్రోజులుగా బుర్రలో తిరుగుతోంది, అన్నా లోకం బాగుపడదు అనుకుని బతకడమే తెలివైన పని కదా, రాసేవాడు ఆ మాట దాచకుండా చెప్పొద్దా అని. పాజిటివ్‌గా రాయి అని సలహా ఇచ్చేవాళ్ళు నీకు చాలామంది దొరుకుతారు, వాళ్ళ మాట వినకు. దివిసీమ వాడిగా చెప్తున్నా.

మా మేనత్తది నాగాయలంక దగ్గర పల్లెటూరు. 1977 నవంబర్ 19, శనివారం, ఉప్పెన వచ్చిన రోజు. తుఫాను అని రేడియోలో చెప్పారట, ఊళ్ళో ఎక్కువమంది ఏటా వచ్చేదే కదా, రెండ్రోజులు గాలేసి పోతుంది అనుకున్నారట. అధికారిక లెక్కల్లోనే 10,000 మంది దాకా పోయారు. అత్త చీరతో తాటిచెట్టుకి కట్టేసుకుని బతికింది, చంకలో పిల్లాడు నీళ్ళలోకి జారిపోయాడు. ఏమీ కాదులే అనే ధీమా ఎంత పని చేస్తుందో మా సీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1990 మేలో మళ్ళీ ఇదే తీరం మీదకి పెద్ద తుఫానొచ్చింది, ఈసారి ముందే లక్ష మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. అదీ తక్కువేం కాదు, కానీ ముందే కీడెంచినందువల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో చూడు.

కాబట్టి నీ చూపు తప్పని నేననను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, నువ్వు మొదటి సగం దగ్గరే కథ ఆపేస్తున్నావ్, నా బాధంతా అదే.

అత్త సంగతే చూడు. ఇప్పుడు డెబ్భై దాటింది. అక్టోబర్ వచ్చిందంటే చాలు రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం అన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి మూతి తాడుతో బిగించి అటక మీద పెట్టిస్తుంది, బియ్యం డబ్బా కూడా పైకెక్కాల్సిందే, చార్జింగ్ లైటు తలగడ పక్కనే. సముద్రాన్ని ఒక్కరోజు కూడా నమ్మదు. అదే మనిషి మొన్న వానలకి పెరట్లో నాలుగు కొబ్బరి మొక్కలు పాతించింది. కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది కదత్తా అన్నా. మొక్క చుట్టూ మట్టి కాలితో తొక్కుతూ, "ఎవరో ఒకరు తాగుతార్లేరా" అంది. బురద అంటిన ఆ పాదం నాకింకా కళ్ళముందే ఉంది.

నీ కథల్లో మొక్క సంగతి అటుంచు, ఆ కవర్ కూడా కనపడట్లేదు, ఉప్పెన ఒక్కటే ఉంది. నిరాశ వల్ల మనుషుల్ని ఇంకాస్త దగ్గరగా చూడగలిగితే ఉంచుకో తమ్ముడూ, ఎలాగూ పోయేవాళ్ళే కదా అని వాళ్ళ వైపు చూడ్డమే మానేస్తే మాత్రం అది తెలివని నేనొప్పుకోను.

మూడో కథ మళ్ళీ తియ్యి. కౌలు రైతు పోయాక వాళ్ళావిడ లైటు ఆర్పేసి పడుకుంటుంది, అక్కడ ఆపావ్. పాకలో పాలిచ్చే గేదె ఉందని రెండో పేజీలో నువ్వే రాశావ్. తెల్లారుజామున అది అరుస్తుంది కదా, పాలు తియ్యకపోతే పొదుగు బిగిసిపోతుంది. ఆవిడ లేస్తుందా, లేస్తే ఆ పాలు కేంద్రానికి పట్టుకెళ్తుందా, దారిలో ఎదురైనవాళ్ళు ఏమంటారు? ఆ పొద్దున్న రాసి పంపు, ఆవిడ కష్టం తీర్చక్కర్లేదు. ఈ వారంలోనే పంపు, ఎదురుచూస్తుంటా.

ఉంటా,
అన్న