డిస్టోపియా నవలల్లో ఆశ, మీడియా వేర్వేరు అంశాలా?

టీనేజ్ పాఠకుల కోసం రాసే డిస్టోపియా (జనాన్ని అణచివేసే భయంకరమైన ఊహా సమాజం) కథల్లో ఆశ గురించి, మీడియా ప్రభావం గురించి విడివిడిగా రాయాలా, కలిపి రాయాలా అని అడిగారు. కలిపే రాయండి. హంగర్ గేమ్స్ (2008) నవల రెండోసారి చదివినప్పుడు నాకు ఈ సంగతి తెలిసొచ్చింది. అందులో ప్రభుత్వం ఏటా డిస్ట్రిక్టులనే ప్రాంతాల నుంచి పిల్లల్ని తెచ్చి, ఒక్కరే మిగిలేదాకా చంపుకునే ఆట ఆడించి టీవీలో చూపిస్తుంది. కథ చెప్పే కాట్నిస్ ఆ ఆటలో ఉన్న అమ్మాయి.

మొదటిసారి కాలేజీ రోజుల్లో చదివాను. ఎవరు చస్తారో ఎవరు మిగులుతారో అన్న టెన్షన్‌తో ఒక్క రాత్రిలో ముగించేశాను. ఏళ్ల తర్వాత మా అక్క కూతురితో కలిసి చదువుతుంటే, చిన్నపిల్ల రూ చనిపోయే చోట తను ఆగి, "పిన్నీ, ఇదంతా టీవీలో వస్తోంది కదా, చూసేవాళ్లు ఏం చేస్తున్నారు?" అంది. మొదటిసారి చదివినప్పుడు ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు, ఆటను వినోదంగా చూసే క్యాపిటల్ (రాజధాని) జనంలాగే నేనూ ఆట చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత జరిగేది గమనించండి. రూ శవం చుట్టూ కాట్నిస్ పూలు పేరుస్తుంది. ఆట ఇంకా నడుస్తుండగానే రూ సొంత ప్రాంతమైన డిస్ట్రిక్ట్ 11 నుంచి కాట్నిస్‌కు రొట్టె వస్తుంది, అదీ తినడానికే లేని జనం నుంచి. ఆట అయ్యాక వేసే రీక్యాప్‌లో (ముఖ్య ఘట్టాల వీడియోలో) మాత్రం రూ చావు ఉంటుంది, కాట్నిస్ పాడిన పాట ఉంటుంది, పూలు పేర్చిన ముక్క కోసేస్తారు! పిల్లలు చంపుకోవడం చూపించడానికి జంకని ప్రభుత్వం ఆ పూలకు భయపడింది. జనాన్ని అణచడానికి పెట్టిన కెమెరాలోంచే ధైర్యం కూడా పాకిపోతుందని వాళ్లకు తెలుసు.

ఇక ఈ కథ మూడో పుస్తకం మాకింగ్‌జేలో (2010) ఆ ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్లు కూడా ప్రచార చిత్రాలు తీస్తారు. స్టూడియోలో మేకప్ వేసి, డైలాగ్ రాసిచ్చి చెప్పించినప్పుడు కాట్నిస్ మాటల్లో ప్రాణం ఉండదు. డిస్ట్రిక్ట్ 8లో గాయపడ్డవాళ్లున్న ఆసుపత్రి మీద బాంబులు పడ్డాక కడుపుమండి మాట్లాడితే అది అందరినీ కదిలిస్తుంది. కానీ ఆ నిజమైన కోపాన్ని కూడా ఎడిట్ చేసి వాడుకున్నారు కదా, నాకైతే పుస్తకం మొత్తంలో ఎక్కువగా బాధపెట్టింది అదే. మనవైపు వాళ్లు తీసిన వీడియోనైనా సరే, ఎవరు ఎందుకు కత్తిరించారో అడగాలనిపిస్తుంది.

ఈ ఆశ కాగితం మీదే ఉండిపోలేదు కూడా. 2014లో థాయిలాండ్‌లో, 2021లో మయన్మార్‌లో సైనిక పాలనను ఎదిరించినవాళ్లు ఎత్తింది ఈ కథలోని మూడువేళ్ల వందనమే.

మీరు రాసేటప్పుడు ఆ రీక్యాప్ ఘట్టాన్నీ, స్టూడియో ఘట్టాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. తర్వాత చివరి పేజీలకు వెళ్లండి. కాట్నిస్ తనకు కావాల్సింది వసంతంలో పూసే డాండెలియన్ పువ్వు అంటుంది చూశారా, అక్కడ చుట్టూ ఒక్క కెమెరా కూడా ఉండదు.