డాక్టర్ సలహా: పార్శ్వపు నొప్పికి చెవిలో పసరు పోయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఆరేళ్లుగా నెలకు రెండు మూడుసార్లు ఎడమ కణతలో పోటు వస్తోంది. వెలుతురు చూడలేను, వాంతి అయితే గానీ తగ్గదు. ఈ మధ్య దాదాపు రోజూ తలనొప్పే. మెడికల్ షాపులో బిళ్ల తెచ్చుకుని వేసుకుంటున్నాను. చెవిలో ఆకు పసరు పోయిస్తే పోతుందని మా అత్తగారు అంటున్నారు. ఆయుర్వేదంలో దీనికి శాశ్వతంగా తగ్గే మందు ఉందా?

జవాబు: అమ్మా, ముందు పసరు సంగతి చెబుతాను. పోయించుకోకండి. ఈ నొప్పి చెవిలో పుట్టేది కాదు. శుభ్రత లేని రసం చెవిలో పడితే చీము పట్టవచ్చు. కర్ణభేరికి ఇదివరకే చిల్లు ఉంటే వినికిడికే ముప్పు. ముక్కులో పిండించుకోవడం కూడా వద్దు. అత్తగారు మీ మంచి కోరే చెప్పారు, నా మాటగా ఆవిడకు నచ్చజెప్పండి.

మీరు రాసిన లక్షణాలు మైగ్రేన్‌వే, అంటే పార్శ్వపు నొప్పివే అనిపిస్తున్నాయి. ఆయుర్వేదంలో దీన్ని అర్ధావభేదకం అంటారు. పదిహేను రోజులకో, పది రోజులకో, లేదా ఉన్నట్టుండి వచ్చిపడుతుందని సుశ్రుత సంహితలో ఉంది. చరక సంహితలో చెప్పిన కారణాలు చూడండి: ఎండిపోయిన తిండి, తిన్నది అరగకుండానే మళ్లీ తినడం, తూర్పుగాలి, మంచు, మలమూత్రాలు ఆపుకోవడం, అతిశ్రమ. ధనుర్మాసంలో తెల్లవారకముందే తలారా స్నానం చేసి, తడి జుట్టుతో మంచులో ముగ్గు పెట్టిన రోజున నొప్పి వచ్చిందని మన గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎందరో నాతో చెబుతుంటారు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పన్నెండు దాకా మిషన్ తొక్కి, మధ్యాహ్నం భోజనం నాలుగింటికి చేస్తే మీకూ అంతే. నిద్ర, తిండి వేళ తప్పడం మైగ్రేన్‌ను రేపుతుందని ఇంగ్లీషు వైద్యం కూడా చెబుతుంది. కార్తీక సోమవారం ఉపవాసం మీకు పడకపోతే పాలూ పళ్లూ తీసుకోండి, దేవుడేమీ అనుకోడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు రోజూ వేసుకుంటున్న బిళ్ల. మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్లలే రోజూ తలనొప్పి తెస్తాయి. నెలకు రెండు మూడుసార్లు వచ్చే నొప్పి రోజువారీగా మారడానికి మీ విషయంలో అదే కారణమని నా అనుమానం. కిడ్నీలకూ కడుపుకూ చేటు వేరే ఉంది. ఆపినప్పుడు మొదటి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది. అక్కడే చాలామంది భయపడి మళ్లీ మొదలుపెడతారు. అందుకే ఒక్కరే ఆపకుండా డాక్టర్ పర్యవేక్షణలో ఆపండి. అసలు బిళ్లే ముట్టుకోవద్దని కాదు. తర్వాత ఎప్పుడైనా గట్టి పోటు వస్తే డాక్టర్ రాసిన మందు మొదట్లోనే వేసుకోవడం మంచిది. కషాయంతో ఆ పూట పోటు ఆగదు.

ఆయుర్వేద చికిత్స ఉన్నది నొప్పి పదే పదే రాకుండా చూడటానికి. శార్ఙ్గధర సంహితలోని పథ్యాది కషాయం దీనికి ఎక్కువగా ఇస్తాం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, నేలవేము, పసుపు, వేప, తిప్పతీగ ఇందులో ఉంటాయి. బెల్లం కలిపి ఇవ్వడం ఆనవాయితీ, షుగర్ ఉంటే బెల్లం వద్దు. రెండోది నస్యం. ముఖానికి నూనె రాసి, ఆవిరి పట్టి, తల కాస్త వెనక్కి వాల్చి పడుకోబెట్టి, అణుతైలం గానీ షడ్బిందు తైలం గానీ ముక్కులో చుక్కలుగా వేస్తాం. గొంతులోకి దిగింది మింగకుండా ఉమ్మేయాలి. అన్నం తిన్న వెంటనే, తలస్నానం చేసిన వెంటనే, జలుబున్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు చేయకూడదు. మొదటిసారి వైద్యుని దగ్గరే చేయించుకోండి. తలనొప్పికి ఇచ్చే శిరశ్శూలాది వజ్రరసం అనే ఆయుర్వేద మందులో పాదరసం, గంధకం ఉంటాయి కాబట్టి వైద్యుని చీటీ లేకుండా కొనుక్కోవద్దు. ఫలితం తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. శాశ్వతంగా పోతుందని నేను మాట ఇవ్వలేను, ఎవరైనా ఇస్తే నమ్మకండి. దాడులు తరచుగా రాకుండా, వచ్చినా తీవ్రత తగ్గేలా చేయగలిగితే అదే పెద్ద ఊరట.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టుతప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఆయుర్వేదం కోసం ఆగకండి. వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. గర్భనిరోధక బిళ్లలు వాడుతున్నా, నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నా డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఈ నెలంతా గోడ క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజు, బిళ్ల వేసుకున్న రోజు, నెలసరి రోజులు గుర్తు పెట్టండి. మీరు వాడుతున్న బిళ్లల స్ట్రిప్పులు, ఆ క్యాలెండర్ పట్టుకుని డాక్టర్‌ను కలవండి. ఆయుర్వేద వైద్యుని దగ్గరకు వెళ్లినా అవే తీసుకెళ్లండి.