కోర్ బ్యాంకింగ్ ప్రాజెక్టు చేపట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ సహకార బ్యాంకు శాఖలన్నిటినీ పాత సాఫ్ట్‌వేర్ నుంచి అన్ని శాఖల ఖాతాలనూ ఒకేచోట నడిపే కొత్త కోర్ బ్యాంకింగ్ వ్యవస్థకు మార్చే బాధ్యత నీకు అప్పగించారని, ఏప్రిల్ 1న ప్రారంభించాలని పాలకవర్గం తీర్మానించిందని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. తేదీ చూశాక మాత్రం దిగులు పడ్డాను. ఆ రోజు ఖాతాదారులకు లావాదేవీలు ఉండవన్న మాట నిజమే. కానీ మార్చి 31 రాత్రంతా వార్షిక లెక్కలు ముగించి అలసిపోయిన సిబ్బందికి మర్నాడే కొత్త స్క్రీన్ చూపించాలనుకున్న మనిషి ఎన్నడూ కౌంటర్ వెనక కూర్చుని ఉండడు.

ఇరవై ఏళ్ల క్రితం ఒక బ్యాంకులో ఇదే పని చేసినప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. బ్యాంకు అవసరాలను రాసుకోవడానికి మూడు నెలలపాటు ప్రధాన కార్యాలయంలోని అధికారులతోనే కూర్చున్నాను. బంగారు రుణాలు చూసే గుమస్తాను ఒక్క మాటైనా అడగలేదు. అప్పులో సగం కట్టినవారికి కొన్ని నగలు విడిపించి ఇవ్వడం ఆ శాఖలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. దాని లెక్క అతని చేతి పుస్తకంలో తప్ప ఏ నియమావళిలోనూ లేదు. కొత్త వ్యవస్థ వచ్చిన రెండో రోజే కూతురి పెళ్లికి గాజులు కావాలని ఒకామె సగం సొమ్ముతో వచ్చింది. అప్పు మొత్తం తీరితే తప్ప నగ బయటికి రాని విధంగా మా సాఫ్ట్‌వేర్ ఉంది. మిగిలిన బాకీకి కొత్త అప్పు సృష్టించి ఆ పూట గట్టెక్కాము గానీ, అలాంటి ఖాతాల వడ్డీ తేదీలు సరిచేయడానికి రెండు నెలలు పట్టింది.

సాఫ్ట్‌వేర్ కంటే నిన్ను ఎక్కువగా వేధించేది పాత డేటా. విడివిడి ఖాతాల నిల్వల మొత్తం జనరల్ లెడ్జర్‌తో, అంటే బ్యాంకు ప్రధాన లెక్కల పుస్తకంతో, సరిపోవడం లేదని, ఏళ్ల తరబడి తేలని పద్దులు సస్పెన్స్ ఖాతాలో మూలుగుతున్నాయని, పుట్టిన తేదీ తెలియనిచోట ఎవరో జనవరి 1 వేసుకుంటూ పోయారని నీకు ఇప్పుడే తెలియాలి. సరఫరా సంస్థ ఒప్పందంలో ఆ శుద్ధి పని బ్యాంకుదేనని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూసుకో. అసలు బదిలీకి ముందు కనీసం మూడుసార్లు నమూనా బదిలీ చేయించు. ప్రతిసారీ ఖాతాల సంఖ్య, నిల్వల మొత్తం, జమ కావలసిన వడ్డీ, ఈ మూడూ సరిచూడు. మూడోదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

శాఖలన్నిటినీ ఒకే రోజు మార్చవద్దు. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో సుమారు 50 లక్షల మంది ఖాతాదారులను కొత్త వ్యవస్థకు మార్చబోయి, దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలను తెరవలేని స్థితికి తెచ్చుకుంది. కొత్త వ్యవస్థకు రెండు డేటా కేంద్రాలుంటే భారాన్ని తట్టుకునే పరీక్ష ఒక్కదాని మీదే జరిగిందని తరువాతి విచారణలో తేలింది. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అంత పెద్ద బ్యాంకు కథ మీకు వర్తించదని పాలకవర్గంలో ఎవరైనా అంటే, ఒక చిన్న శాఖతో మొదలుపెట్టి, నెలాఖరు లెక్కలు అక్కడ ఒకసారి సరిగ్గా ముగిశాకే తరువాతి శాఖకు వెళతానని చెప్పు.

శిక్షణ గురించి ఎక్కువ రాయను. వ్యవస్థ అందడానికి పక్షం రోజుల ముందు నేర్పితే గుర్తుంటుంది, ఆరు నెలల ముందు నేర్పినది ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ప్రారంభాన్ని వాయిదా వేసే అధికారం ఎవరిది, ఏ అంకె తేడా వస్తే వేయాలి, మార్పిడి రాత్రి ఎన్ని గంటల వరకు పాత వ్యవస్థకు వెనక్కి పోవచ్చు అన్నవి ఇప్పుడే రాయించి ఛైర్మన్‌తో సంతకం పెట్టించు. ఆ రాత్రి రెండు గంటలకు అందరూ నీ ముఖం చూస్తూ నిలబడినప్పుడు ధైర్యం కంటే ఆ కాగితమే అక్కరకు వస్తుంది.

తేదీ మార్చమని పాలకవర్గాన్ని అడిగే ముందు ఏదైనా ఒక శాఖలో బంగారు రుణాల కౌంటర్ దగ్గర రెండు రోజులు కూర్చుని, అక్కడి చేతి పుస్తకాల్లో ఏముందో నాకు రాయి.

ఇట్లు,
మామయ్య