చిన్న ఊళ్ల ఎఫ్ఎం రేడియోలో ఊరి కబుర్లు ఎందుకు వినిపించడం లేదు?

యాజమాన్యాలు మారినందుకా, శ్రోతలు తగ్గినందుకా అని అడుగుతుంటారు. అసలు కారణం వేరు. మైకు ముందు మాట్లాడే మనిషి ఆ ఊళ్లో ఉండడం లేదు. చదువుకునే రోజుల్లో మా జిల్లా ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రంలో క్యాజువల్ (అవసరమైన రోజుల్లో పిలిచే) అనౌన్సరుగా పనిచేశాను కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నాను.

ఒక సంత రోజు సాయంత్రం ఫోనులో కోరిన పాటల కార్యక్రమం నడుస్తోంది. ఒక రైతు పాట పేరు చెప్పకుండానే, "అమ్మా, పొద్దున సంతలో కొన్న గేదె తాడు తెంపుకుని పోయింది. కుడి కొమ్ము సగం విరిగి ఉంటుంది. కాస్త రేడియోలో చెప్పండమ్మా" అన్నాడు. సొంత ప్రకటనలు ఊరికే చెప్పకూడదు, వాటికి రుసుము కట్టాలి. అద్దం అవతల ఉన్న డ్యూటీ ఆఫీసరు వైపు చూస్తే, కానివ్వమని చేత్తో సైగ చేశారు. ఆనవాళ్లు రెండుసార్లు చెప్పి పాట వేశాను. ఇంకో రెండు పాటలయ్యేసరికి చెరువు అవతలి పల్లె నుంచి ఒకావిడ ఫోను. "మా మందతో కలిసి వచ్చేసింది. వేపచెట్టుకు కట్టేశాం. కుడితి పెడితే తాగింది, కంగారు పడొద్దని చెప్పండి." ఆ తర్వాత తనకూ ఒక పాట కావాలని అడిగింది!

ఆ ఫోను రాజధానిలో మోగితే ఏ చెరువని తెలుస్తుంది? ఇప్పుడు మా దగ్గర సాయంత్రం కార్యక్రమాలు చాలావరకు అక్కడి నుంచే వస్తున్నాయి. 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో ఆకాశవాణి మొదటి స్థానిక కేంద్రం పెట్టినప్పుడు ఉద్దేశం ఇది కాదు, ఊరి మాట ఊళ్లో వినిపించాలని. ఆదిలాబాద్ కేంద్రం గోండీలో కార్యక్రమాలు ఇచ్చిందంటే ఆ ఉద్దేశం వల్లనే.

ప్రైవేటు ఎఫ్ఎంలు ఆ లోటు తీరుస్తాయనుకున్నాం. ఊరి పేరు మీద వేలంలో ఫ్రీక్వెన్సీ పాడుకున్న కంపెనీ ఎక్కడో మహానగరంలో ఉంటుంది. ఏ ఊళ్లో విన్నా అవే పాటలు, అదే ఎడతెగని నవ్వు. సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన ఉంది, నిజమే. కానీ వాన, ట్రాఫిక్, నీళ్ల సరఫరా కబుర్లు చెప్పుకోవడానికి అనుమతి ఉంది కదా! ఆ పనికీ ఊళ్లో ఒక మనిషిని పెట్టరు.

ఫోన్ల కంపెనీల మీదా నాకు కోపమే. ఎఫ్ఎం వచ్చే ఫోన్లు తగ్గిపోయాయి. ఆ సదుపాయం ఆపవద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం సలహా ఇచ్చింది. సలహా ఎందుకు, ఆదేశమే ఇవ్వాలి.

శ్రోతలు లేరనే వాళ్లు జహీరాబాద్ దగ్గర మాచనూరు వెళ్లి చూడాలి. 2008 నుంచి దళిత మహిళలు 'సంఘం రేడియో' పేరుతో సొంత కేంద్రం నడుపుతున్నారు. విత్తనాలు, పండగలు, పాటలు, అన్నీ వాళ్ల మాటల్లోనే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ గారే దాన్ని ప్రారంభించారు.

అందుకే యజమాని ప్రభుత్వమా, కంపెనీయా అన్నది నాకు పెద్ద విషయం కాదు. జిల్లా రేడియో కేంద్రాలకు సాయంత్రం రెండు గంటలు తిరిగి ఇవ్వాలి. స్థానిక అనౌన్సర్లను తీసుకోవాలి. స్టూడియోలో ఫోను పెట్టాలి. మీ దగ్గరి కేంద్రానికి ఈ మాటే ఉత్తరం రాయండి. నేను ఇప్పటికే రాశాను.