హాస్టల్‌కు వెళ్లబోయే మేనల్లుడికి

చిన్నా,

సీటు వచ్చిందని, కూకట్‌పల్లిలో హాస్టల్ కూడా చూశారని మీ అమ్మ చెప్పింది. బకెట్టు, పరుపు, దుప్పట్ల సంగతి ఆమె చూసుకుంటుంది. ఇన్నేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి, హాస్టల్ వార్డెన్‌గా కూడా చేసినదాన్ని కాబట్టి మిగతాది నేను చెప్తాను.

చదువు భారమై కుంగిపోయినవాళ్ల కంటే, అడిగేవాళ్లు లేక గాడి తప్పినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. ఇంటర్ రెండేళ్లూ నిన్ను రెసిడెన్షియల్ కాలేజీ బెల్లు నడిపింది. తెల్లారకముందే లేపింది, స్టడీ అవర్లో కూర్చోబెట్టింది, లైట్లార్పి పడుకోబెట్టింది. ఇక్కడ రాత్రి మూడింటిదాకా ఫోన్ చూసినా ఎవరూ ఏమనరు. లేచేసరికి మెస్‌లో టిఫిన్ అయిపోతుంది. ఫస్ట్ అవర్ ఎలాగూ పోయింది, ఇవాళ్టికి వదిలేద్దాంలే అనిపిస్తుంది. మర్నాడు వెళ్లడానికి మొహం చెల్లదు. అటెండెన్స్ 75 శాతం కిందికి పడి, ఇంటికి ఫోన్ వెళ్లేదాకా పక్క గదివాడికి కూడా తెలియదు. అలాంటి పిల్లల్ని అందరూ బద్ధకస్తులంటారు. వాళ్లలో చాలామంది లోపల బాగాలేకే మంచం దిగలేకపోయేవాళ్లు.

అందుకని ఒక్కటి పట్టుకో. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లే, కిందికి దిగి నలుగురితో కూర్చుని టిఫిన్ తిను. ఇడ్లీ రాయిలా ఉన్నా సరే, ప్లేటు గదికి తెచ్చుకోకు. స్నేహాలు మొదలయ్యేది అక్కడే, ఆ ఇడ్లీని తిట్టుకుంటూనే.

మొదటి వారం ప్రతివాడూ ఎప్‌సెట్‌లో నీ ర్యాంకెంత అని అడుగుతాడు. మొదటి మిడ్ పరీక్షలు అయ్యాక ఆ ఊసే ఉండదు. ఇంటర్లో అన్నీ తొంభైలు వచ్చినవాళ్లకు కూడా ఆ మిడ్‌లో మార్కులు తగ్గుతాయి, కంగారు పడకు. ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే వెనక బెంచీలో దాక్కోకుండా క్లాసయ్యాక లెక్చరర్ దగ్గరికెళ్లి తెలుగులోనే అడుగు. చాలామంది చెప్తారు, నన్ను నమ్ము.

ఇంటి మీద బెంగ ఉంటుంది. అలాగని ప్రతి శనివారం ఖమ్మం బస్సెక్కితే ఇక్కడ ఎప్పటికీ కుదురుకోలేవు. ఆదివారాలు మా దిల్‌సుఖ్‌నగర్ రా. మెట్రో రెడ్ లైనే, ఎక్కడా మారక్కర్లేదు.

ఆ దారిలోనే ఎర్రగడ్డ స్టేషన్ వస్తుంది. ఆ పేరు చెప్పి మనవాళ్లు వేసే జోకులు నీకూ తెలుసు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని, ఇంటికెళ్లి మామూలుగా పనులు చేసుకునేవాళ్లు ఎందరో. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన క్రికెట్ మీద కూడా మనసు పోకపోవడం రెండు వారాలు దాటితే టెన్షన్‌లే అని తోసెయ్యకు. కాలేజీ కౌన్సెలర్‌ని కలువు. లేదా 14416కి ఫోన్ చెయ్యి. అది 2022లో కేంద్రం పెట్టిన టెలీ మానస్. డబ్బులక్కర్లేదు, అర్ధరాత్రి అయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్ మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని నీ అంతట నువ్వు మానెయ్యకు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే గదిలోంచి బయటికొచ్చి ఎవరో ఒకరికి చెప్పు. నాకు ఏ వేళప్పుడు చేసినా ఫోనెత్తుతాను.

మీ నాన్న సంగతి నాకు వదిలెయ్. రోజూ ఫోన్ చేసి ఎంత చదివావని కాదు, తిన్నావా, పడుకున్నావా అని అడగమంటాను. అక్క మాట కాబట్టి ఓ నెల వింటాడు. ఆ తర్వాత మళ్లీ మొదలెడితే నాకు చెప్పు.

మీ అత్తయ్య