పాత జీపు కిచకిచలు, పిచ్చుక కాదు యూజే క్రాస్

మిషిగన్‌కి కొత్తగా వచ్చిన మన పిల్లల్లో ఒకరిద్దరైనా ఏటా చలికాలం ముందు పాత జీపు కొంటారు. మంచులో నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి, చేతిలో చూస్తే రెండు మూడు వేల డాలర్లకి మించి ఉండవు. అలాంటివాడికి దొరికేది 1999 నాటి చెరోకీ. ఈ రాష్ట్రంలో బండికి ఏటా ఫిట్‌నెస్ తనిఖీ లేదు కాబట్టి, అమ్మేవాడు కడిగి తుడిచి పెట్టిందల్లా మంచి బండే. పది రోజులకి నాకు ఫోను: "అన్నా, ముందు చక్రం దగ్గర పిచ్చుక కూస్తున్నట్టుంది. షాపులో చూపిస్తే బేరింగు పోయిందంటున్నారు, మార్పించేయనా?"

కాస్త ఆగు తమ్ముడూ. ఆ మాట నమ్మి నేనూ మునిగాను. నా మొదటి చెరోకీకి చక్రాన్ని మోసే హబ్ బేరింగు మార్పించాను, నాలుగు వందల డాలర్ల చిల్లర వదిలింది. షాపు గేటు దాటానో లేదో కిచ్, కిచ్, కిచ్ అని అదే కూత. పోయింది దాని వెనకాల ఉన్న యాక్సిల్ జాయింటు. మనవైపు లారీ మెకానిక్కులు యూజే క్రాస్ అంటారే, అదే. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న పక్కన నిలబడి చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. కూడిక గుర్తులాంటి ఇనప ముక్క, నాలుగు కొసలకీ నాలుగు టోపీలు, టోపీల లోపల సూదుల్లాంటి రోలర్లు. ఇక్కడికొచ్చి దాని పేరు యూ-జాయింట్ అయ్యేసరికి పోల్చుకోలేకపోయాను.

1984 నుంచి 2001 దాకా వచ్చిన ఆ పాత చెరోకీకీ, 1997-2006 నాటి రాంగ్లర్‌కీ ముందు డానా 30 అనే ఇరుసు ఉంటుంది (రూబికాన్ రకం రాంగ్లర్ సంగతి వేరు). ముందు చక్రం తిరగాలి, పక్కకి మళ్లాలి కూడా. అందుకే ఇరుసులోంచి చక్రానికి వచ్చే కడ్డీని చక్రం దగ్గర రెండు ముక్కలు చేసి మధ్యలో ఈ క్రాస్ పెట్టారు. ఈ బండ్లకి చక్రాన్ని కడ్డీ నుంచి విడదీసే హబ్బులు లేవు. నువ్వు ఫోర్ వీల్ వేసినా వేయకపోయినా కడ్డీ చక్రంతో పాటు తిరుగుతూనే ఉంటుంది. "నేను ఫోర్ వీల్ ఎప్పుడూ వాడలేదు, జాయింటు ఎలా అరుగుతుంది?" అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు టోపీల్లోకి దిగి, గ్రీజు పోయి, సూదులు తుప్పు పొడి అవుతాయి.

ముందు చెవి పెట్టి వినాలి. ఖాళీ పార్కింగ్ స్థలంలో అద్దాలు దించి మనిషి నడిచేంత వేగంతో పోనివ్వు. టైరు మీద సుద్దతో గీత గీసి, పక్కన ఒక స్నేహితుణ్ణి నడవమను. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఏడడుగుల పైచిలుకు కదులుతుంది. ఆ ఒక్క చుట్టులో కూత ఒకటి రెండుసార్లు వస్తే అది యాక్సిల్ క్రాస్. మూడున్నరసార్లో, ఇంకా గబగబానో వస్తే ముందు ఇరుసుకి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద అనుమానపడాలి. ఎందుకంటే ఆటోమేటిక్ గేరున్న చెరోకీల్లో ఎక్కువవాటికి ఇరుసు గేరు నిష్పత్తి 3.55, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు మూడున్నర చుట్లు తిరిగేస్తుంది. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ నాలుగు వందలూ మిగిలేవి. వాన పడిన రోజు కూత మాయమైతే బాగుపడిందని సంబరపడకు. ఎండిపోయిన టోపీల్లోకి తడి చేరి నోరు మూసింది, అంతే.

బేరింగు పాట వేరు. అది కూయదు, హోరుమంటుంది. వేగంతో పాటు పెరుగుతుంది, హైవే మీద మెల్లగా వంపు తిరిగేటప్పుడు మారుతుంది. మలుపులో స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ లయగా కొట్టుకుంటుంటే మాత్రం క్రాస్ బిగుసుకుపోయిందని అర్థం. అలాంటి బండిని హైవే ఎక్కించొద్దు. టోపీ ఊడిందంటే కడ్డీ చెవి (టోపీ కూర్చునే కొస) విరుగుతుంది, ఆ విరిగిన ముక్క తిరుగుతూ చక్రాన్ని పక్కకి మళ్లనిచ్చే బాల్ జాయింటుని కొడుతుంది.

ఇంకో తప్పుడు అనుమానం ఉంది. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ వేసుకుని పొడి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే బండి గుంజుతుంది, టకటకలాడుతుంది. అది జబ్బు కాదు. ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం పోవాలి, మధ్యలో ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు రెంటినీ కట్టేసి ఉంచింది. రెండు చక్రాల గేరులోకి మార్చు, ఆగిపోతుంది. పొడి రోడ్డు మీద ఆ గేరు వాడకు, మంచుకీ మట్టికీ దాచుకో.

చెవి పని అయ్యాక చేతి పని. బండి జాకీ ఎక్కించి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి అడ్డు వెయ్యి. చక్రం వెనక కడ్డీ లోపలి ముక్క ఒక చేత్తో, బయటి ముక్క ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పు. మంచి క్రాస్‌లో వెంట్రుక వాసి కూడా ఆట ఉండదు. టక్ అన్నా, టోపీ చుట్టూ ఎర్రటి పొడి కనబడినా ఇక వేరే రుజువు అక్కర్లేదు. పనిలో పనిగా స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి చక్రాన్ని చేత్తో తిప్పి చూడు, ఎక్కడైనా పట్టేస్తుందేమో.

మార్చే ముందు ఎక్కడ చేస్తావో ఆలోచించుకో. చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో బండి విప్పకూడదని రాసి ఉంటుంది. సగం విప్పిన జీపుని వాళ్లు లాగించేస్తే ఆ ఖర్చు జాయింటు ఖర్చుని మించిపోతుంది. గరాజ్ ఉన్న మనవాళ్లు ఎవరో ఒకరుంటారు, ఒక ఆదివారం అడుగు, బిర్యానీ నీది. పని నేర్చుకున్నాక ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని ఇతరుల బండ్లు మాత్రం బాగు చేయకండి, అది అనుమతి లేని ఉద్యోగం కిందకి వస్తుంది. బాల్ జాయింటు ప్రెస్సు (జాయింటుని నొక్కి తీసేది), టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచే పానా) కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చేస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారు.

జాయింటులో గ్రీజు ఎక్కించేదీ ఉంది, మూసేసిందీ ఉంది. నేను మూసేసిన స్పైసర్ 760 వేస్తాను. గ్రీజు కోసం క్రాస్‌కి బెజ్జం పెట్టలేదు కాబట్టి గట్టిగా ఉంటుంది. గ్రీజు గన్నుతో నెలకోసారి కిందకి దూరే ఓపిక ఉన్నవాళ్లు రెండోది వేసుకోవచ్చు, నాకు లేదు. 1990ల మొదట్లో వచ్చిన బండ్లకి ఇంతకన్నా చిన్న జాయింటు ఉండేది, కొనేముందు నీ బండి సంవత్సరం చెప్పి అడుగు.

బండి నేల మీద ఉండగానే కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా అడ్డుండేది) తీసి, 36 మిల్లీమీటర్ల సాకెట్‌తో కడ్డీ కొసనున్న పెద్ద నట్టు వదులు చెయ్యి. తర్వాత చక్రం, కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని పట్టుకునేది), డిస్కు తీసెయ్యి. కాలిపర్‌ని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకు, తీగతో కట్టు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే దాని తీగ కూడా పక్కకి తప్పించు. నకిల్ (హబ్‌ని మోసే ఇనప దిమ్మ) వెనక 12 పలకల తలకాయలతో మూడు బోల్టులు ఉంటాయి, సాకెట్ 13 మిల్లీమీటర్లది. సరైన సాకెట్ వాడకపోతే తలలు గుండ్రమైపోతాయి.

ఇక అసలు పరీక్ష. మూడు బోల్టులూ వచ్చేసినా హబ్ రాదు. ఇరవై ఏళ్ల తుప్పు దాన్ని నకిల్‌తో వెల్డింగ్ చేసినట్టు పట్టేసి ఉంటుంది. ముందు రోజు రాత్రీ, పొద్దున్నా తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. పెద్ద సుత్తితో హబ్ అంచుని చుట్టూ కొడుతూ పోవాలి, ఒకేచోట బాదితే బేరింగు పాడవుతుంది. నా మొదటిసారి ఈ ఒక్కదానికే మూడు గంటలు పట్టింది. మా ఆవిడ రెండుసార్లు టీ తెచ్చి, రెండుసార్లూ మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

హబ్ వచ్చాక కడ్డీని నేరుగా లాగు. అడ్డదిడ్డంగా లాగితే లోపల డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్లు) దగ్గరున్న నూనె సీలు చిరుగుతుంది, దాన్ని మార్చాలంటే డిఫరెన్షియలే విప్పాలి. చెవుల లోపలి వైపు క్లిప్పులు తీసి, ప్రెస్సుతో పాత క్రాస్‌ని నెట్టెయ్యి. చెవుల బెజ్జాలు తుప్పు లేకుండా తుడువు. కొత్త టోపీలు నొక్కేటప్పుడు కన్ను పక్కకి తిప్పకు. ఒక్క సూది పడిపోయి టోపీ అడుగున అడ్డం పడుకుందంటే, టోపీ వెంట్రుకంత దూరంలో ఆగిపోతుంది, క్లిప్పు గాడిలో కూర్చోదు. నేను ఇంకాస్త నొక్కితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. చిట్లింది టోపీ. మళ్లీ దుకాణానికి పరుగు. క్లిప్పు కూర్చోకపోతే వెనక్కి తీసి సూదులు లెక్కపెట్టుకోవడమే మార్గం. అన్నీ కూర్చున్నాక క్రాస్ బిగుతుగా అనిపిస్తే చెవుల మీద సుత్తితో చిన్న దెబ్బలు రెండు వెయ్యి, హాయిగా ఆడుతుంది.

తిరిగి పెట్టేటప్పుడు హబ్ కూర్చునే చోట యాంటీ సీజ్ (తుప్పుతో అతుక్కోనివ్వని లేపనం) పూయి, ఈసారి మూడు గంటలు పట్టదు. మూడు బోల్టులకి 75 ఫుట్ పౌండ్లు, పెద్ద నట్టుకి 175, కాటర్ పిన్ను కొత్తది. నట్టు బిగించకుండా బండిని గరాజ్‌లోంచి పక్కకి నెట్టడం కూడా వద్దు, ఆ బేరింగుని కలిపి పట్టి ఉంచేది ఆ నట్టే.

కొత్త సుబారూలూ రావ్‌ఫోర్‌లూ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. వాటికి సీవీ జాయింట్లు, రబ్బరు బూటులో గ్రీజుతో ఉండే వేరే రకం. రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మినా, పూర్తి మలుపులో టకటకమన్నా కడ్డీ మొత్తం మార్చేస్తారు.

ఎడమవైపు పోయిందంటే కుడివైపుదీ అదే వయసు, అదే ఉప్పు తిన్నది. సామాను ఎలాగూ బయటే ఉంది, రెండో జాయింటు కూడా అప్పుడే కొనిపెట్టుకో. యాభై మైళ్లు తిరిగాక చక్రాల నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూడు.