ఆరు వారాల ఇంటిగ్రేషన్ శిక్షణలో చేరవచ్చా?

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చి, డాలస్‌లో ఎమ్మెస్ ముగించబోతున్న ఒక యువకుడు, మ్యూల్‌సాఫ్ట్‌లో (వేర్వేరు సాఫ్ట్‌వేర్ వ్యవస్థల మధ్య సమాచారాన్ని నడిపించే, అంటే ఇంటిగ్రేషన్ చేసే సాధనం) ఆరు వారాల ఇంటెన్సివ్ ట్రైనింగ్‌లో చేరాలా, లేక తనకు వచ్చిన జావా ప్రోగ్రామింగ్‌నే నమ్ముకోవాలా అని అడిగారు. నేను అమలాపురం వైపు వాణ్ని. అమెరికాలో చాలా ఏళ్లుగా చేస్తున్నది ఈ ఇంటిగ్రేషన్ పనే. జావాను వదలనక్కర లేదు, ఎందుకంటే మ్యూల్ నడిచేది జావా మీదనే. శిక్షణలో చేరవచ్చు గాని, అందులో ఏమి నేర్పుతారో ముందుగా తెలుసుకోవాలి.

మ్యూల్‌సాఫ్ట్ వారి ఎనీపాయింట్ స్టూడియోలో కనెక్టర్లను (సిస్టమ్‌లను కలిపే తయారు ముక్కలను) లాగి పెట్టడం, దాని డేటావీవ్ భాషలో సమాచారాన్ని ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపం నుంచి జేసన్ రూపంలోకి మార్చడం శ్రద్ధగా కూర్చుంటే రెండు వారాల పని. కంపెనీలు మనకు జీతమిచ్చేది అందుకు కాదు. ఒక సిస్టమ్ పంపిన సమాచారం రెండోదానికి అందకపోయినా, రెండుసార్లు అందినా ఏం చేయాలో తెలిసినందుకు ఇస్తాయి.

మా చేను పంట కాలువ చివరన ఉండేది. దాళ్వాలో (రెండో పంటకు) వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో ధవళేశ్వరం నుంచి నీరు వదిలారన్న కబురు ఊళ్లోకి ముందే వచ్చేది గాని, శివారు మడికి నీరెక్కిందో లేదో మా నాన్నగారు గట్టు మీద నిలబడి చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. అమెరికా వ్యాపార సంస్థలు ఎక్స్12 అనే ఎలక్ట్రానిక్ పత్రాల పద్ధతిలో కొనుగోలు ఆర్డరును 850 పత్రంగా పంపినప్పుడు అవతలి నుంచి వచ్చే 997 అనే రసీదు కూడా ఆ కబురు వంటిదే: పత్రం అందింది, దాని రూపం సరిగా ఉంది అని మాత్రమే చెబుతుంది. ఆర్డరును ఒప్పుకున్నారో లేదో 855 అనే జవాబు పత్రం వస్తే గాని తెలియదు. ఈ తేడా తెలియని కొత్తవారు 997 చూసి పని అయిపోయిందనుకుంటారు.

నేను తొలి ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద పొరపాటే చేశాను. ఆర్డర్లను ఒక్కసారిగా కలిపి పంపుతూ రాత్రి మధ్యలో ఆగిపోయిన ఒక బ్యాచ్‌ను, అప్పటికే సగం ఆర్డర్లు వెళ్లిపోయాయని చూసుకోకుండా మొదటి నుంచి మళ్లీ నడిపాను. గోదాములో ఒకే సరుకును రెండుసార్లు బండికెక్కించారు. ప్రతి ఆర్డరుకు ఒక గుర్తు సంఖ్య ఉంచి, అది ఇదివరకే వచ్చిందా అని అందుకునే వైపు సరిచూసుకుని ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. ఐడెంపొటెన్సీ అని పెద్ద పేరు పెట్టిన సంగతి ఇంతే. దీనితోపాటు ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి, అప్పటికీ పోని సందేశాన్ని డెడ్ లెటర్ క్యూలో (చేరని సందేశాలను పక్కన ఉంచే చోట) పెట్టి ఎవరికి తెలియజేయాలి, ఒకే లావాదేవీని నాలుగు సిస్టమ్‌ల లాగ్‌లలో కోరిలేషన్ ఐడీతో (అన్నిచోట్లా ఆ లావాదేవీ వెంట వెళ్లే ఒకే గుర్తుతో) ఎలా వెతకాలి అన్నవి మీ చేత చేయించే శిక్షణే శిక్షణ. ఇలాంటి పనికే వాడే సాఫ్ట్‌వేర్లు అపాచీ క్యామెల్, రాబిట్ఎమ్‌క్యూ ఉచితంగానే దొరుకుతాయి కనుక, ఇవన్నీ సొంత ల్యాప్‌టాప్ మీద ఇంట్లోనూ సాధన చేయవచ్చు.

సమయం సంగతి కూడా చూసుకోండి. ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే అనుమతి) మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఓపీటీ మొదలయ్యాక శిక్షణలో కూర్చుంటే ఆరు వారాలకు 42 రోజులు అందులోనే పోతాయి. అందువల్ల చివరి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. శిక్షణ ఇచ్చేవారే రెజ్యూమెలో లేని అనుభవాన్ని ఆరేడేళ్లు రాస్తామంటే, ఎంత తెలిసినవారైనా, ఎంత మన గోదావరి వైపువారైనా లేచి వచ్చేయండి. దొరికితే పోయేది మీ వీసా, వారిది కాదు.

ఫీజు కట్టేముందు డెమో క్లాసులో ఒక్క ప్రశ్న అడగండి: ఒకే ఆర్డరును వెంటవెంటనే రెండుసార్లు పంపితే మీ ల్యాబ్‌లో ఏమవుతుంది? అప్పటికప్పుడు చేసి చూపిస్తే చేరండి. అవన్నీ ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చని దాటవేస్తే మాత్రం మరోచోట వెతకండి.